ఇద్దరు నడిచిన దారి, ఒకరు రాసిన పుస్తకం

స్త్రీల యాత్రా రచనల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మన చర్చ ఒంటరిగా బయల్దేరిన స్త్రీ దగ్గరే ఆగిపోతుంది. 1977లో నాలుగు ఒంటెల్నీ ఒక కుక్కనీ వెంటబెట్టుకుని ఆస్ట్రేలియా ఎడారి దాటిన రాబిన్ డేవిడ్‌సన్, 1995లో వీపున పెద్ద సంచితో పసిఫిక్ క్రెస్ట్ ట్రయల్ మీద వెయ్యి మైళ్ళకు పైగా నడిచిన షెరిల్ స్ట్రెయిడ్ - వీళ్ళ పుస్తకాలంటే మనకి ఇష్టం. ఎందుకిష్టమో కూడా తెలుసు. ఎవరో ఒక మగవాడు పక్కన లేకుండా ఊరు దాటకూడదని నేర్పిన సమాజంలో ఒంటరిగా నడవడమే ఒక ధిక్కారం. కానీ ఈ ఇష్టంలో ఒక మనిషి మరుగున పడిపోయింది. స్నేహితురాలితో కలిసి వెళ్ళిన స్త్రీ ఏమైంది?

"ఇద్దరాడపిల్లలు ఒంటరిగా ఎలా వెళ్తారు?" ఈ ప్రశ్న మనలో విననివాళ్ళు ఉండరు. అడిగేవాళ్ళకి ఆ వాక్యంలో లెక్క తప్పిందని తోచదు. మగతోడు లేకపోతే ఇద్దరైనా పదిమందైనా ఒంటరే. ఆడవాళ్ళు ఒకరికొకరు తోడు కాలేరని భాషే తీర్పు చెప్పేసింది. స్త్రీవాద విమర్శ కూడా మరోవైపు నుంచి ఆ తీర్పుకే తలూపిందేమోనని నా అనుమానం. ఒంటరి స్త్రీకిచ్చిన శ్రద్ధ మనం ఇద్దరు స్త్రీలకి ఇవ్వలేదు.

మగవాళ్ళ పుస్తకాల్లో స్నేహితుడికి లోటు లేదు. బిల్ బ్రైసన్ 'ఎ వాక్ ఇన్ ద వుడ్స్' (1998) చూడండి. అపలాచియన్ ట్రయల్ మీద నడవడానికి బయల్దేరిన రచయితకి తోడుగా కాట్జ్ అనే పాత మిత్రుడొస్తాడు. లావుపాటి మనిషి, తాగుడు మానడానికి తంటాలు పడుతున్నవాడు, సంచీ బరువైందని తిండి సామాను అడవిలో విసిరేసేవాడు. నవ్వు చాలావరకు కాట్జ్ మీదే పుడుతుంది. నేనూ నవ్వాను. అయితే వాళ్ళకి దారిలో మేరీ ఎలెన్ అనే స్త్రీ తగులుతుంది. ఒంటరిగా నడుస్తూ, వాగుతూ, వాళ్ళని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆమెను వదిలించుకోవడం ఆ పుస్తకంలో ఒక పెద్ద హాస్య ఘట్టం. మగ స్నేహం గట్టిపడడానికి ఒక ఆడమనిషిని దారిలో వదిలెయ్యాల్సి రావడం గురించి వేరే వ్యాసమే రాయొచ్చు. నేను పట్టుకున్నది ఇంకొకటి: ఇద్దరు నడిచారు, ఒకరు రాశారు. రెండోవాడి పేరు కూడా మార్చిన పేరే. రాయనివాడికి ఆ నడక ఎలా ఉందో మనకి ఎప్పటికీ తెలియదు.

ఇద్దరూ రాసిన సందర్భం దొరుకుతుందా అని వెతుకుతుంటే ఎల్లా మయార్ దొరికింది. 1903లో జెనీవాలో పుట్టిన ఈ స్త్రీ 1924 ఒలింపిక్స్‌లో తెరచాప పడవ నడిపింది. 1935లో పీటర్ ఫ్లెమింగ్ అనే ఇంగ్లీషు రచయితతో కలిసి పెకింగ్ నుంచి కాశ్మీరు దాకా ఏడు నెలలు ప్రయాణం చేసింది. అంతకుముందు అతను రాసిన పుస్తకం పేరు 'వన్స్ కంపెనీ', ఆమె పుస్తకం ఇంగ్లీషు పేరు 'తుర్కిస్తాన్ సోలో'. రెండు పేర్లకీ అర్థం ఒంటరితనమే. అలాంటి ఇద్దరు కలిసి బయల్దేరారు! ఫ్లెమింగ్ 'న్యూస్ ఫ్రమ్ టార్టరీ' 1936లో వచ్చింది. మయార్ పుస్తకం మరుసటేడు వచ్చింది. దారిలో వంట, బట్టలుతకడం, మనుషులకీ జంతువులకీ వైద్యం ఎల్లాదని, వేట, మోత పనులు తనవని ఫ్లెమింగే ఒప్పుకుంటాడు. మధ్య ఆసియా ఎడారిలో కూడా పొయ్యి ఆమెదే. కానీ ఆమె చేతిలో కలం కూడా ఉంది కాబట్టి అతని పుస్తకంలో పాత్రగా మిగిలిపోలేదు.

నాలుగేళ్ళ తర్వాత ఈ అమరిక తలకిందులైంది. 1939 జూన్‌లో మయార్, స్విస్ రచయిత్రి అనెమరీ ష్వార్ట్సెన్‌బాఖ్ జెనీవా నుంచి ఫోర్డ్ కారులో కాబూల్‌కి బయల్దేరారు. ఒకరికి ముప్ఫయ్యారేళ్ళు, ఇంకొకరికి ముప్ఫయ్యొకటి. అనెమరీ సంపన్న కుటుంబపు బిడ్డ, ఫాసిస్టు వ్యతిరేకి, స్త్రీలను ప్రేమించిన స్త్రీ, మార్ఫిన్‌కి బానిస. ఆమెను ఆ వ్యసనం నుంచి బయటపడెయ్యాలన్నది మయార్ సంకల్పాల్లో ఒకటి. మందు ముట్టనని అనెమరీ మాటిచ్చింది, నిలుపుకోలేకపోయింది. కాబూల్ చేరిన కొద్ది రోజులకే యూరప్‌లో యుద్ధం మొదలైంది. ఇద్దరి దారులూ అక్కడ విడిపోయాయి. మయార్ భారతదేశానికొచ్చి, యుద్ధకాలంలో ఎక్కువభాగం తిరువణ్ణామలైలో రమణ మహర్షి సన్నిధిలో గడిపింది. (మన సూరి నాగమ్మ లేఖలు రాసిన ఆశ్రమం అదే.) 1947లో 'ద క్రుయెల్ వే' వెలువరించింది. అందులో అనెమరీ లేదు, 'క్రిస్టినా' ఉంది.

ఆ పుస్తకాన్ని నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి స్నేహానికి ఇంతకన్నా గొప్ప పుస్తకం లేదనుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే మరొకటి కూడా కనిపిస్తోంది. క్రిస్టినా ఎప్పుడూ రోగి, మయార్ ఎప్పుడూ నర్సు. క్రిస్టినా ముఖం, చేతులు, సన్నబడిన ఒళ్ళు పదే పదే వర్ణనకొస్తాయి. రాసే స్త్రీ చూపు కూడా చూపే. అది ప్రేమతో నిండినదైనా సరే, చూడబడే మనిషిని ఒకచోట కూర్చోబెట్టేస్తుంది. ఫ్లెమింగ్ పక్కన నడిచినప్పుడు మయార్ తప్పించుకున్న స్థానంలోకే అనెమరీ వచ్చింది.

ఇది పుస్తకాల్లో ఆగే సంగతి కాదు. ఒక ఆగస్టులో నేనూ, యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేటూ వీపున సంచులేసుకుని ఉత్తరాఖండ్‌లోని పూలలోయకి వెళ్ళాం. రిషీకేశ్ నుంచి జోషీమఠ్‌కి రోజంతా బస్సు, గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు, అక్కణ్ణుంచి ఘాంఘరియాకి దాదాపు పది కిలోమీటర్ల ఎక్కుడు. అదే దారిలో హేమకుండ్‌కి పోయే సిక్కు కుటుంబాలు మమ్మల్ని చూసి ఆగేవి. "దోనో అకేలీ హో?" ఇద్దరూ ఒంటరిగానేనా? భాష మారినా లెక్క మారలేదు. లోయలో జోన్ మార్గరెట్ లెగ్ సమాధి ఉంది. పూలమొక్కలు సేకరించడానికొచ్చి, 1939 జూలైలో కాలుజారి చనిపోయిన ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త ఆమె. అప్పటికి మయార్, అనెమరీ ఇంకా దారిలోనే ఉన్నారు. ఆ రాయి పెట్టించింది లెగ్ చెల్లెలో అక్కో, తోబుట్టువు. నా స్నేహితురాలు వానలో ఆ రాతి ముందు చాలాసేపు నిలబడింది. ఆ రాత్రి తడి సాక్సులు ఆరేసుకుంటూ, పదేళ్ళ స్నేహంలో ఎన్నడూ చెప్పని సంగతులు చెప్పింది. నేను డైరీలో రాసుకోవడం చూసి, "ఏమే, ఇదంతా వ్యాసమైపోతుందా? రాస్తే రాయి గానీ, నాకు చూపించకుండా పంపకు" అంది.

చూపించాను. రెండు పేరాలు కొట్టేసింది. అవి నేను రాసినవాటిలో మంచివి. ఇక్కడ లేవు.

అనెమరీకి ఆ అవకాశం రాలేదు. 1942లో స్విట్జర్లాండ్‌లో సైకిలు మీద నుంచి పడి, తలకి దెబ్బ తగిలి, ఆ నవంబరులో చనిపోయింది. అప్పటికామెకి ముప్ఫయ్ నాలుగేళ్ళు. ఆమె ఉత్తరాల్నీ డైరీల్నీ తల్లి నాశనం చేసింది. మయార్ పుస్తకంలో పేరు మారింది కూడా ఆ తల్లి కోరిక మీదేనంటారు. కుటుంబ పరువు కోసం ఒక స్త్రీ రాతను ఇంకొక స్త్రీ బూడిద చెయ్యడం మనకి వింత కాదు. కాబట్టి మయార్‌ని తప్పుపట్టినంత తేలిగ్గా వదిలెయ్యలేను. తల్లి చెరిపేస్తున్న కాలంలో, మారుపేరుతోనైనా ఆ మనిషి ఉనికిని నలభయ్యేళ్ళు నిలబెట్టింది ఈ స్నేహితురాలి పుస్తకమే. 1980ల చివర్లో గానీ అనెమరీని పాఠకలోకం మళ్ళీ పట్టించుకోలేదు.

ఆ ప్రయాణం గురించి అనెమరీ స్విస్ పత్రికలకి వ్యాసాలు రాసింది. అవి జర్మన్‌లో 2000లో పుస్తకంగా వచ్చాయి, 2011లో 'ఆల్ ద రోడ్స్ ఆర్ ఓపెన్' పేరుతో ఇంగ్లీషులోకొచ్చాయి. చిన్న పుస్తకం. మార్ఫిన్ కథ కోసం వెతికితే నిరాశే. ఆమెకి పట్టినవి వేరు: దారి, దుమ్ము, ముసుగుల వెనక స్త్రీలు. కైసార్ అనే ఊళ్ళో ఒక ఇంటి తోటలో, వారాల తర్వాత ముసుగు లేని ఆడవాళ్ళ ముఖాలు చూసిన ఘట్టం ఆమె వాక్యాల్లో చదవాలి. మయార్ ఆమెను చూసినట్టు ఆమె మయార్‌ని చూడదు. 'మేము' అంటుంది. ఆ బహువచనంలోనే ఎల్లా ఉంటుంది. రోగి రాసిన పుస్తకంలో నర్సు లేదు, తోటి ప్రయాణికురాలు ఉంది.

వాళ్ళిద్దరూ మగతోడు లేకుండా కారు నడుపుకుంటూ దాటిన ఆ దేశంలో 2021 డిసెంబరులో తాలిబన్ ప్రభుత్వం 72 కిలోమీటర్లు మించిన ప్రయాణానికి దగ్గరి మగ బంధువు తోడుండాలని ఆజ్ఞ జారీ చేసింది. 2023 ఆగస్టులో బామియాన్ దగ్గరి బంద్-ఎ-అమీర్ సరస్సుల పార్కుకి స్త్రీలు రాకూడదంది. అనెమరీ పుస్తకం పేరు చూసి నా క్లాసులో ఒకమ్మాయి నవ్వింది. అన్ని దారులూ తెరిచే ఉన్నాయట!

ఎం.ఎ. విద్యార్థినులకి నేను ఈ రెండు పుస్తకాలూ కలిపే ఇస్తాను. ఏది ముందు చదవాలని అడుగుతారు. మయార్‌ది ముందు చదివితే రెండోదాంట్లో క్రిస్టినానే వెతుక్కుంటారు. అందుకని చిన్నదే ముందు చదవమంటాను.