‘మందుకు అలవాటు పడిన పురుగు’: తెలుగు విజ్ఞాన రచనలో పరిణామ భావన

చిలకలూరిపేట చుట్టుపట్ల నల్లరేగడి నేలల్లో పత్తి రైతు నోట తరచుగా వినిపించే మాట ‘పురుగు మందుకు అలవాటు పడింది’. వ్యవసాయ రచనలు దీనినే సంస్కరించి ‘పురుగు నిరోధక శక్తిని పెంచుకుంది’ అంటాయి. రెండింటిలోనూ కర్త ఏకవచనం. రెండవ వాక్యంలోని ‘కొను’ అనే ఆత్మార్థక అనుప్రయుక్తం ఆ కర్తకు ప్రయత్నాన్ని కూడా అంటగడుతుంది. మందు తగిలిన పురుగే బలం సంపాదించి సంతానానికి అందించిందన్న అర్థం ఇందులో స్ఫురిస్తుంది. ఇది లామార్క్ పేరుతో ప్రసిద్ధమైన ఆర్జిత గుణ వాదం.

ప్రకృతి వరణాన్ని 1859లో ప్రతిపాదించిన డార్విన్‌కు అనువంశికత నడిచే తీరు తెలియదు. 1866లో అచ్చయిన మెండెల్ ఫలితాలు 1900 వరకు మరుగున పడి ఉన్నాయి. ఈ రెండింటినీ ఫిషర్, హాల్డేన్, రైట్ గణితంతో కలిపారు. ఆ కలయికకు ‘ఆధునిక సంశ్లేషణ’ అన్న పేరు 1942లో జూలియన్ హక్స్‌లీ గ్రంథం ద్వారా స్థిరపడింది. దాని ప్రకారం పరిణామం చెందేది ఒక్క ప్రాణి కాదు, సమూహం. మారేది అందులోని జన్యు రూపాల నిష్పత్తి. హాల్డేన్ 1957లో భారతదేశానికే వచ్చి స్థిరపడ్డాడు. ఆయన శిష్యులలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. అయినా తెలుగు క్రియాపదం మారలేదు.

ఇది కేవలం వ్యాకరణ చర్చ కాదు. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ, ఆపై శనగపచ్చ పురుగు ముంచెత్తాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు పదేపదే చల్లినకొద్దీ వాటికి చావని పురుగుల సంతతే మిగిలింది. అప్పులూ దిగుబడి నష్టమూ కలిసి 1987–88లో రైతుల ఆత్మహత్యలకు దారితీశాయి.

2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు 450 గ్రాముల విత్తనానికి తోడుగా 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చారు. చాలామంది దానిని విత్తలేదు. ‘అలవాటు’ దృష్టిలో చూస్తే పురుగుకు మేత పెంచడం వెర్రితనమే. జన్యుదృష్టిలో దాని ప్రయోజనం వేరు: ఆ వరుసల్లో బతికిన సాధారణ చిమ్మటలు అరుదైన నిరోధక చిమ్మటలతో జతకడతాయి, నిరోధకత అంతర్గత లక్షణమైనంతవరకు ఆ సంకర సంతానం బీటీ మొక్కపై చనిపోతుంది. గులాబీ రంగు పురుగులో తొలితరం బీటీ పత్తికి నిరోధకత ఏర్పడిందని 2010లో గుజరాత్ నుంచి వెల్లడయింది.

లోపం రైతు నుడికారానిది కాదు. మందు మార్చి కొట్టాలన్న అతని వివేకం సరైనదే. దానిని శాస్త్రభాషగా అలాగే స్వీకరించిన రచయితలదే బాధ్యత. నండూరి రామమోహనరావు ‘నరావతారం’ శీర్షికలోని ‘అవతారం’ కూడా ముందే సిద్ధమైన రూపం దిగివచ్చిందన్న ధ్వనినిస్తుంది. పాఠకుని ఆకర్షించే శక్తి ఆ మాటకు ఉందన్నదీ నిజమే.

సరైన క్రియ ఆ నేలలోనే ఉంది. మిరప రైతు విత్తనానికి మంచి కాయలు ఏరిపెడతాడు. ‘మందు చావని పురుగులను ఏరిపెట్టింది’ అంటే చాలు: కర్త మందు, కర్మ బహువచనం.