కళాపూర్ణోదయమున సుగాత్రీశాలీనుల పాత్రపోషణము

దశరూపకకర్తయగు ధనంజయుఁడు ఇతివృత్తమును బ్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూఁడు తెఱఁగులుగా విభజించెను. ప్రఖ్యాతకథను జెప్పు కవికొక సౌకర్యము కలదు. రాముఁడన్నంతనే చదువరి మనస్సున నొక మూర్తి నిలుచును. కవి దానికి మెఱుఁగు పెట్టినఁ జాలును. ఉత్పాద్యకథలో నా సౌకర్యము లేదు. అందలి వ్యక్తిని జదువరి మునుపెన్నఁడు నెఱుఁగఁడు. వానిని బుట్టించుటయు, వాని స్వభావము నెఱుకపఱచుటయుఁ గవిపైఁ బడిన భారములే. నేఁటి నవలలును గథానికలును మిక్కిలిగా నుత్పాద్యములే యగుటచే, వానిని బాఠశాలలలో బోధించు పండితులకు నీ విచారము పనికివచ్చును.

పింగళి సూరన పదునాఱవ శతాబ్దమున రచించిన కళాపూర్ణోదయము ఎనిమిది యాశ్వాసముల కల్పితకథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914 లోఁ బ్రకటించిన కవిత్వతత్త్వవిచారమున దీనిని విమర్శించిరి. అది మొదలు దీని కథాసంవిధానమును గూర్చి పెక్కండ్రు వ్రాసిరి. నేనిచట నా విషయమును విడిచి, సుగాత్రీశాలీనుల యుపాఖ్యానమును మాత్రము గ్రహించి, కవి పాత్రమును దెలుపు పద్ధతి యెట్టిదో పరిశీలించెదను.

మొదట పేరులను జూతము. శాలీనశబ్దము అష్టాధ్యాయి యైదవ యధ్యాయమున నిపాతితము. శాలాప్రవేశమున కర్హుఁడని వ్యుత్పత్తి. అధృష్టుఁడు, అనఁగాఁ జొరవలేనివాఁడు, అని యర్థము. సుగాత్రి యనఁగాఁ జక్కని మేను గలది. పేరులు పెట్టుటతోనే కవి యిరువురకు నొక్కొక్క విశేషణము నిచ్చినాఁడు. సామాన్యకవి యింతటితోఁ దృప్తినొంది, యా విశేషణములనే పద్యములఁ బెంచియుండును. సూరన పేరు చెప్పిన గుణమును గ్రియచేఁ బరీక్షించినాఁడు.

కథ కాశ్మీరమున శారదాదేవి సన్నిధిని జరుగును. శాలీనుఁడు అత్తవారింట నుండును. తల్లి సుగాత్రిని సర్వాభరణములతో నలంకరించి పడకటింటికిఁ బంపును, శాలీనుఁడు దరిచేరఁడు. అత్త వాని నీసడించి తోఁటపనికిఁ బంపును. వాఁడు మాఱుమాటాడక పోయి, యా పనిని బ్రీతితోఁ జేయును. ఒకనాఁడు గొప్పవాన కురియఁగా సుగాత్రి యింట నిలువలేక తోఁటకుఁ బోయి, వానితోఁ గూడఁ బనికిఁ బూనుకొనును. అంతదాఁక నగలు చూచి కదలని మనస్సు, చెమర్చిన మేనితోఁ బాటుపడు భార్యను జూచి కదలును.

ఇందు రెండు క్రియలు కలవు. పడకటింట వెనుదీయుట యొకటి. తోఁటలోఁ దానై చేరుట రెండవది. సిగ్గరి యను నొక్క విశేషణము మొదటిదానికిఁ జాలును గాని రెండవదానికిఁ జాలదు. లావైన దేవదత్తుఁడు పగలు భుజింపఁడన్నప్పుడు రాత్రిభోజనమును మనమూహింతుము. మీమాంసకులు దీనినే యర్థాపత్తి యందురు. ఇచటను నట్లే. పొసఁగని రెండు క్రియలను బొసఁగించుకొనుటకై చదువరి వాని స్వభావమును దానే యూహింపవలసివచ్చును: శాలీనుఁడు వెఱచినది స్త్రీకిఁ గాదు, ఒరులు సిద్ధపఱచిన యాడంబరమునకు. శాలాప్రవేశమున కర్హుఁడని పేరొందినవానికి శాలవెలుపలనే చొరవ కలిగినది!

సుగాత్రి విషయమున నింకొక విశేషము. తొలుత నామె తల్లి పంపఁగాఁ బోయినది. ఆ గమనమునఁ దల్లి ప్రయోజకకర్త్రి, కూఁతురు ప్రయోజ్య. వానలోఁ బోయినప్పుడామెను బంపినవారు లేరు. క్రియయందు స్వతంత్రమైనది కర్త యని మన శాస్త్రము. ఆమె నిజముగాఁ గర్త్రియైన క్షణముననే పాత్రమైనది. అంతకుముందామె పేరునకుఁ దగిన యందము మాత్రమే.

అలంకారములు ఉద్దీపనవిభావములు గదా, చెమటయు బురదయు నుద్దీపనములగుట యనుచితము కాదా యని కొంద ఱాక్షేపింపవచ్చును. ఆలంబనమునకుఁ దగినదే యుద్దీపనము. ఎల్లరకు నొక్కటే యుద్దీపనమన్నచో నెల్లరును నొక్కటే పాత్రమగుదురు. లాక్షణికులు నాయకులను ధీరోదాత్తాది భేదములతో జాతులుగా విభజించిరి. జాతిలో వ్యక్తిని జూపుట కవిపని. కావున నిది యనౌచిత్యము గాదు, సూరన నేర్పు.

మన పాఠశాలలలోఁ బాత్రస్వభావమును వ్రాయుమనఁగా విద్యార్థులు విశేషణముల పట్టిక నిత్తురు: శాలీనుఁడు సిగ్గరి, సుగాత్రి సాధ్వి. ఇవి యబద్ధములు గావు. కాని కథ చదువకయే, పేరులకు నిఘంటువు చూచియే వ్రాయఁదగినవి. దానికి మాఱుగాఁ బండితులు, ఈ వ్యక్తి చేసిన పనులలో నొకదానితో నొకటి పొసఁగనివి యేవి, వానిని బొసఁగించు స్వభావమేది యని యడుగుదురుగాక. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకు విద్యార్థి గ్రంథమును దెఱవక తప్పదు. కవి పాత్రమును సృజించెనో, పేరు మాత్రము పెట్టెనో యప్పుడు తేటపడును.