గంగవ్వ నటి కాదా?

గంగవ్వ గురించి పత్రికల్లో, టీవీల్లో వచ్చిన రాతల్ని ఒకచోట పెట్టుకుని చదివితే ఒక మాట విసుగు పుట్టేంతగా ఎదురవుతుంది: అమాయకత్వం. దానికి తోబుట్టువులాంటి మాట ఇంకొకటి: సహజత్వం. "ఆమె నటించదు, జీవిస్తుంది" అనే అరిగిపోయిన వాక్యం సరేసరి. రాసినవాళ్ళ అభిమానాన్ని శంకించనక్కరలేదు. కాని ఒక నటికి ఇచ్చే పొగడ్త ఆమె చేసిన పనినే లేనిదిగా చేసేస్తుంటే, ఆ పొగడ్త ఎవరి చూపులోంచి పుట్టిందో అడగవలసి ఉంటుంది. పేరున్న నటుడు సహజంగా నటిస్తే దాన్ని సాధన అంటాం. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో పొలం పనులు చేసి, బీడీలు చుట్టి బతికిన ఒక ముసలి స్త్రీ అదే పని చేస్తే అమాయకత్వం అంటున్నాం. ఈ తేడా కళకు సంబంధించింది కాదు.

ఆమె జీవితం తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, బడి మొహం చూడకపోవడం, కూలి, బీడీలు, పిల్లల్ని ఒంటిచేత్తో పెంచడం - ఇవన్నీ ఆమే అనేకసార్లు చెప్పింది. ఆ కష్టాలను మళ్ళీ ఏకరువు పెట్టను. టీవీ ఆ పని అవసరానికి మించి చేసింది. 2012లో శ్రీరాం శ్రీకాంత్ అదే ఊళ్ళో 'మై విలేజ్ షో' అనే యూట్యూబ్ చానల్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు, అరవై దగ్గరపడుతున్న వయసులో, గంగవ్వ అందులోకి వచ్చింది. అనిల్ జీల, రాజు వంటి ఊరి కుర్రవాళ్ళతో కలిసి ఆమె చేసిన చిన్న చిన్న హాస్య చిత్రాలు లక్షలమంది చూశారు. 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాలు, 2020లో స్టార్ మా వారి 'బిగ్‌బాస్' నాలుగో సీజన్, 2021లో 'లవ్ స్టోరీ', 2024లో మళ్ళీ 'బిగ్‌బాస్' ఎనిమిదో సీజన్. స్థూలంగా ఇదీ ఆమె నట జీవితం.

ఈ నటన ఎక్కడ తయారైంది? నాటక సమాజం లేదు, కులవృత్తిగా వచ్చిన కళా లేదు. ఇదే ఉత్తర తెలంగాణలో చిందుల ఎల్లమ్మ (ఆమె 2005లో కన్నుమూసింది) ఆడవేషం, మగవేషం రెండూ కట్టి జీవితమంతా చిందు భాగవతం ఆడింది. ఆమె వెనుక ఒక కులం తరతరాలుగా మోసుకొచ్చిన కళ ఉంది. గంగవ్వ వెనుక అలాంటిదేమీ లేదు గనుక ఆమెది వట్టి పుట్టుస్వభావమని తేల్చేయడం చాలామందికి తేలికైంది. ఆ తీర్పు తొందరపాటు.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలను చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. నలుగురైదుగురు ఒక ఇంటి అరుగుమీద చేరతారు. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, దారం. వేళ్ళు ఆగవు, కళ్ళు చాటమీదనుంచి లేవవు. ఖాళీగా ఉండేది నోరొక్కటే. కనుక అక్కడ మాట పదునెక్కుతుంది. పక్కింటి కోడలు ఎలా నడిచిందో, సారాయి తాగొచ్చిన మగడు గడపదగ్గర ఎలా తూలాడో, అప్పు అడగవచ్చినవాడు ఎలా నీళ్ళు నమిలాడో - అన్నీ గొంతుతోనే కట్టి చూపించాలి, చేతులు ఖాళీ లేవు గనుక. అనుకరణ, ఎత్తిపొడుపు, ఎదుటివాడి మాట పూర్తికాకముందే అందుకోవడం, నవ్వు రాబోయే క్షణాన తాను మాత్రం నవ్వకుండా ఉండడం ఆ అరుగుమీద రోజూ సాగే సాధన. వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా పొద్దు గడవాలి. ఆ పొద్దు గడిపే విద్య అది. గంగవ్వ నటనలో మనకు కనిపించే ప్రతి లక్షణానికీ మూలం అక్కడ దొరుకుతుంది.

ఇంకో పోలిక కూడా ఇక్కడే ఉంది. ఇంటిదగ్గర కూర్చుని బీడీలు చుట్టే ఆడది కార్మికురాలే కాదని, తీరిక వేళల్లో ఏదో చేసుకుంటోందని యజమానులు ఎంతోకాలం వాదించారు. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్ళను కూడా కార్మికుల నిర్వచనంలోకి తెచ్చింది. యజమానులు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఇంట్లో జరిగింది కనుక పని కాదన్న వాదన చట్టంలో ఓడిపోయింది. కళా విమర్శలో ఇంకా ఓడిపోలేదు.

ఆమె నటన తీరు చూద్దాం. ఆమెకు చదువు రాదు గనుక కాగితంమీద రాసిన సంభాషణ ఉండదు. సన్నివేశం చెబుతారు, సారం చెబుతారు, మాట ఆమె కూర్చుకుంటుంది. ఇది సులువని అనుకునేవాళ్ళు ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు. కథ ఎటు పోవాలో తప్పకుండా, ఎదుటి నటుడికి అందిపుచ్చుకునే చోటు వదిలిపెట్టి, కెమెరా పరిధి దాటకుండా అక్కడికక్కడే మాట పుట్టించాలి. ఆమె తిట్టు ఎప్పుడూ ఒక్కసారిగా రాదు. ముందు ఒక చూపు, తర్వాత నడుంమీదికి చెయ్యి, ఆ తర్వాత క్షణం సేపు మౌనం, అప్పుడు మాట. ఆ మౌనం ఎంతసేపుండాలో తెలియడమే హాస్యనటుడి విద్యంతా. ఒకటి రెండు చిత్రాల్లో మాట ఉరవడి మరీ ఎక్కువై గొంతు ఒకే స్థాయిలో సాగిపోయిన సందర్భాలు లేకపోలేదు. అలాంటి లోపం పట్టుకోగలుగుతున్నామంటేనే అది నటన అని అర్థం. స్వభావంలో లోపాలు ఎంచం గదా.

తెలంగాణ శ్రామిక స్త్రీ తెరమీద మాట్లాడడం చిన్న విషయం కాదు. 'మాభూమి' (1979) తర్వాత ఈ నేల బతుకును గంభీరంగా పట్టుకున్న చిత్రం బి. నర్సింగరావు 'దాసి' (1988). అందులో కమలాక్షి పాత్ర వేసిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఆ చిత్రం బలమంతా మౌనంలో ఉంది; గడీలో దాసికి మాట ఉండదు. అది చారిత్రకంగా సత్యం. కాని వ్యాపార సినిమా ఆ సత్యంతో పని లేకుండానే దశాబ్దాలపాటు తెలంగాణ మాటను రౌడీకి, తాగుబోతుకు, పనిమనిషికి పంచిపెట్టి నవ్వించింది. "గిట్ల", "గట్ల" అంటే చాలు, హాలు గొల్లుమనేది. లంబాడిపల్లి చిత్రాలు చేసిన మంచి పని ఇక్కడుంది. కెమెరా పట్టినవాడూ, కథ చెప్పినవాడూ, చూసి మొదట నవ్వినవాడూ అదే యాసవాళ్ళు. నవ్వు మనిషి గుణంమీద వస్తుంది గాని పలుకుబడిమీద రాదు. జగిత్యాలవాడైన కవి అలిశెట్టి ప్రభాకర్ పొట్టకూటికి ఆ ఊళ్ళో 'స్టూడియో పూర్ణిమ' నడిపిన రోజుల్లో ఫొటో అంటే పెళ్ళికో చావుకో తీయించుకునేది. ఊరే కెమెరా పట్టుకుని తన్ను తాను చూసుకోవడం ఆయన కాలానికి లేని అవకాశం.

ఆ పాత్రకు సామాజిక పునాది కూడా అక్కడిదే. కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసే వయసు మగవాళ్ళు దుబాయిలోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో ఉంటారు. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళు, పిల్లలు, బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఆడవాళ్ళు. ఇంటికి పెద్దగా నిలబడి, కుర్రకారును అదలించే అవ్వ పాత్ర హాస్యం కోసం కల్పించింది కాదు. అక్కడి ఇంటి వ్యవస్థలోంచి నడిచి వచ్చింది.

అంతమాత్రాన ఆ చిత్రాలను నెత్తిన పెట్టుకోనక్కరలేదు. ఆ ఊళ్ళో దొర ఎప్పుడూ లేనట్టే ఉంటుంది. కులం వాసన తగలదు. జగిత్యాల, సిరిసిల్ల అన్న పేర్లు 1978లో దేశమంతా విన్నది రైతుకూలీల పోరాటాల వల్ల, రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం వల్ల. ఆ జ్ఞాపకం గంగవ్వ తరంలో ఉండక తప్పదు, చిత్రాల్లో మాత్రం మచ్చుకైనా లేదు. మొగుడి తాగుడు అక్కడ నవ్వులాట. తాగుడు వల్ల కాలిపోయిన సంసారం గురించి ఆ నటే బయట గొంతు జీరపోతుండగా చెప్పింది. చిత్రంలో మాత్రం అదే తాగుడుకు మనం పడీ పడీ నవ్వుతాం. చానల్ పెరిగాక సినిమా ప్రచారానికి వచ్చిన తారలకు ఆతిథ్యమివ్వడం కూడా ఎక్కువైంది. తార పక్కన నిలబడినప్పుడు గంగవ్వ పాత్ర కాదు, ఊరి గుర్తు అయిపోతుంది.

సినిమా ఆమెకు కొద్ది నిమిషాలు ఇచ్చింది. 'మల్లేశం' చేనేత స్త్రీల చేతి కష్టాన్ని తగ్గించడానికి ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ. అలాంటి కథలో ఆమె ఉండడం ఉచితంగా ఉంది. తక్కిన చోట్ల ఆమెను చూడగానే గుర్తుపట్టి నవ్వుకోవడానికే పిలిచారు.

ఇక టీవీ. 2020 సెప్టెంబరులో, కరోనా రోజుల్లో, నాగార్జున వ్యాఖ్యాతగా మొదలైన 'బిగ్‌బాస్'లో ఆమె అందరికన్నా పెద్దది. మూసిన ఇంట్లో రాత్రింబగళ్ళు కెమెరాలు. అక్కడ పాత్ర లేదు, సన్నివేశం లేదు, 'ఆపు' అనే మాట లేదు. లంబాడిపల్లిలో ఆమె గంగవ్వ అనే పాత్రను కట్టేది. ఇక్కడ ఆమె నిద్ర, దగ్గు, దిగులు అన్నీ సరుకైపోయాయి. జనం ఓట్లు కుమ్మరించారు. ఆమెకు ఏసీ చలి పడలేదు, ఊరిమీద బెంగ పట్టుకుంది. ఐదో వారంలో, అక్టోబరులో, అనారోగ్యంతో బయటికి వచ్చేసింది. సొంత ఇల్లు కట్టుకోవాలన్నదే తన కోరిక అని ముందునుంచీ చెప్పింది. ఆ ఇంటికి సాయం చేస్తామని కార్యక్రమంలోనే మాట ఇచ్చారు, 2021లో ఇల్లు పూర్తయింది. ఇచ్చినవాళ్ళను నిందించే ఉద్దేశం నాకు లేదు, మాట నిలబెట్టుకున్నారు. కాని జరిగిన మార్పు గమనించాలి. పని చేసినదానికి రావలసిన ప్రతిఫలం దానంగా మారింది. నటి లబ్ధిదారు అయింది. ఆమె ఉన్న వారాల్లో ఆ కార్యక్రమం ఆమె పేరుమీద ఎంతమందిని టీవీ ముందు కూర్చోబెట్టిందో, దాని విలువ ఎంతో ఆ కన్నీళ్ళ సన్నివేశంలో లెక్కకు రాలేదు.

ఇది గంగవ్వ ఒక్కతి విషయం కాదు. సిరిసిల్లవాడైన వేణు ఎల్దండి ఆ జిల్లా పల్లెల్లోనే తీసిన 'బలగం' (2023) చివర బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడితే ఊళ్ళకు ఊళ్ళు పందిళ్ళకింద కూర్చుని ఏడ్చాయి. అన్నదమ్ములు కలిసిపోయారని పత్రికలు రాశాయి. కళగా ఆ సన్నివేశం గొప్పది. యాసకు పూర్తి నిడివి కథ ఇస్తే ఏం చేయగలదో ఆ సినిమా చూపింది. కాని మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో మంచాన పడ్డప్పుడు వైద్యం ప్రభుత్వ పెద్దల, సినిమావాళ్ళ సాయంమీద నడిచింది. 2024 డిసెంబరులో ఆయన కన్నుమూశాడు. పాటకు కూలి ఉంది. పాడిన మనిషి రోగానికి హక్కుగా అందేది ఏమీ లేదు. బీడీ కార్మికురాలికి కనీసం ఒక పీఎఫ్ నంబరు కోసం కొట్లాడే సంఘం ఉంది. యూట్యూబ్‌లో, టీవీలో, సినిమాలో ఒక రోజు వేషం వేసిన ఊరి కళాకారులకు అలాంటి సంఘం ఏదీ నాకు కనిపించదు. మన సాహిత్య సంఘాలు ఈ ప్రశ్న ఎందుకు ఎత్తుకోలేదో ఆలోచించవలసిందే. "మార్కెట్ తమాషా" అని మొహం తిప్పుకున్నవాళ్ళూ, "తెలంగాణ గెలిచింది" అని దండ వేసినవాళ్ళూ ఇద్దరూ ఆమె కూలి గురించి అడగలేదు.

2024 అక్టోబరులో ఆమె ఎనిమిదో సీజన్‌లోకి మధ్యలో వెళ్ళింది. ఈసారి ఆ ఇంటి పద్ధతి ఆమెకు తెలుసు. ఒక అర్ధరాత్రి దెయ్యం పట్టినట్టు నటించి తోటివాళ్ళను హడలెత్తించింది. నాలుగేళ్ళ కిందట తన్ను కళ్ళప్పగించి చూసిన కెమెరాల ముందు ఈసారి తానే ఒక పాత్ర కట్టి, చూసేవాళ్ళను తన ఆటలోకి లాగింది. నవంబరులో మళ్ళీ ఆరోగ్యం బాగోలేక బయటికి వచ్చింది. లంబాడిపల్లికి తిరిగి వెళ్ళి పాత జట్టుతోనే వీడియోల్లో కనిపిస్తోంది.