సాంస్కృతికాంతర వృత్తి శిక్షణ: సరైన జవాబుకు ఆవల

భిన్న సంస్కృతులవారు కలిసి పనిచేసే సంస్థలలో ఇచ్చే శిక్షణకు తొలి క్రమబద్ధ నమూనాలలో ‘కల్చర్ అసిమిలేటర్’ ఒకటి. 1960లలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఫీడ్లర్, ట్రయాండిస్ తదితరులు దీనిని రూపొందించారు. అపార్థానికి దారితీసిన ఒక చిన్న సంఘటన, దానికి నాలుగు వివరణలు, అభ్యాసకుడు ఎంచుకున్నది సరైనదో కాదో తెలిపే వ్యాఖ్య - ఇదీ దాని నిర్మాణం. స్కిన్నర్ కార్యక్రమయుత బోధన ఛాయ ఇందులో స్పష్టం.

బండూరా 1977లో గ్రంథస్థం చేసిన సాంఘిక అభ్యసన సిద్ధాంతంతో పరిశీలిస్తే ఈ నమూనా పరిమితి తెలుస్తుంది. చూసి నేర్చుకోవడంలో అవధానం, ధారణ, పునరుత్పాదన, ప్రేరణ అనే నాలుగు ప్రక్రియలు ఉంటాయని ఆయన ప్రతిపాదన. అసిమిలేటర్ ప్రధానంగా మొదటి రెండింటినే పోషిస్తుంది. అమెరికన్ పై అధికారిని పేరుతోనే పిలవాలన్న జవాబును హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తడుముకోకుండా గుర్తించగలడు. సమావేశంలో మాత్రం ‘సర్’ అనే మాటే ముందు వస్తుంది. మన అవధాన విద్యలోనూ ధారణకు పరీక్ష పృచ్ఛకుల ఎదుటే కదా!

1990లో బ్లాక్, మెండెన్‌హాల్ ఈ సిద్ధాంతాన్నే సాంస్కృతికాంతర శిక్షణకు అన్వయించారు. ఆ అన్వయం విలువైనదే. కాని అందులో నేర్చుకోవలసిన భారం ప్రధానంగా పరాయి సంస్కృతిలోకి వెళ్లే ఉద్యోగిపైనే పడింది. ప్రేరణ అతడొక్కడిలో పుట్టేది కాదు. తొలిసారి పేరుతో పిలిచినప్పుడు, తొలిసారి అభ్యంతరం చెప్పినప్పుడు ఎదుటివారు ఎలా స్పందించారన్నదానిపై అది ఆధారపడుతుంది. అందువల్ల ప్రణాళికలో పాత్రాభినయానికి, పనిలో చేరిన తరువాత పునశ్చరణకు చోటు కల్పించడంతో సరిపోదు. ఆ పై అధికారిని కూడా అదే తరగతిలో కూర్చోబెట్టాలి.