నాణెమును చదువు విద్య

సిద్దిపేట పరిసరములందలి పాత ఇండ్ల సందుగులలో నిజాం కాలపు వెండి రూపాయలు నేటికిని కనబడుచున్నవి. కొన్ని మూటగట్టి దాచినవి. కొన్ని కొక్కెములతికించి మెడలో వేసికొనుటకై పేరుగా గ్రుచ్చినవి. ఇంటిలో అక్కర పడినప్పుడు వానిని అవుసలి యొద్దకు కొనిపోయి, తూకము వేయించి, వెండి వెలకు ఇచ్చివేయుట పరిపాటియైనది. కాని తూకము లోహమునకు మాత్రమే వెల కట్టగలదు. ఆ బిళ్ళ ఏ ప్రభువు నాటిది, ఏ అచ్చున పడినది, దానియందలి వింత టంకశాలలో కలిగినదా, లేక సంతలో చేతులు మారునప్పుడు కలిగినదా అను విషయములు దానిని చదువనేర్చినవానికే తెలియును. ఆ చదువు పండితులకు మాత్రమే సాధ్యమైనది కాదు. ఒక భూతద్దమును, చిన్న త్రాసును, కొంత ఓర్పును కలవారెవరైనను నేర్వవచ్చును.

మన ప్రాంతమున తరచుగా దొరకు చార్మినారు రూపాయిని ఉదాహరణముగ గైకొందము. 1857 నాటి తిరుగుబాటు అణగి, మొగలు పాదుషాహీ అంతరించువరకును హైదరాబాదు నాణెములపై ఢిల్లీ పాదుషా పేరే ఉండెడిది. ఆ పిమ్మటనే ఆసఫ్‌జాహీ బిరుదము ఆ స్థానము నాక్రమించినది. ఇరువదవ శతాబ్దారంభమున, 1903 ప్రాంతమున సైఫాబాదు టంకశాలలో యంత్రములు నెలకొన్న తరువాత, మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనయందు చార్మినారు చిత్రము గల హాలీ, అనగా హైదరాబాదు రాజ్యపు, రూపాయి వెలువడెను. దాని తూకము సుమారు 11.18 గ్రాములు, అందు వెండి నూటికి 82 పాళ్లకు కొంచెము తక్కువ. ఒక ప్రక్క చార్మినారును, దాని చుట్టు ప్రభువు బిరుదమును, హిజ్రీ సంవత్సరమును, మరియొక ప్రక్క నాణెపు వెలయు, పాలనా సంవత్సరమును, హైదరాబాదు పేరును పారశీక లిపిలో నుండును.

ఇప్పుడు భూతద్దమును చార్మినారు నడిమి ద్వారముపై నిలుపుడు. అందొక చిన్న అక్షరము కలదు. అది ‘మీము’ అయినచో మహబూబ్ అలీ ఖాన్ నాటి నాణెము. ‘ఐను’ అయినచో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. 1911 ఆగస్టులో తండ్రి మరణింపగా కుమారుడు గద్దె నెక్కెను గనుక, హిజ్రీ 1329 అను ఒకే సంవత్సరపు రూపాయలలో రెండు అక్షరములును కనబడును. అంతటితో ఆగక ఆ ‘ఐను’నే పరిశీలించినచో, ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రూపాయలపై అక్షరపు తలకట్టు మాత్రమే పొట్టిగా చెక్కబడియుండుటయు, హిజ్రీ 1330 నుండి పూర్తి అక్షరము ద్వారమును నింపియుండుటయు తేటపడును. కొలది కాలము మాత్రమే వాడబడిన ఆ పొట్టి అక్షరపు అచ్చు గల నాణెమును సేకర్తలు ప్రత్యేకముగ వెదకుదురు. త్రాసులో ఈ రెండును ఒకే తూకము తూగును. చరిత్రలో మాత్రము వాని స్థానములు వేరు.

సంవత్సరమును చదువునప్పుడు మరియొక జాగ్రత్త అవసరము. పారశీక అంకెలలో రెండునకు, మూడునకు గల భేదము పైనున్న ఒక పన్ను మాత్రమే. అరిగిన నాణెముపై ఆ పన్ను చెరిగి 1323 అనునది 1322గా కనబడవచ్చును. కావున హిజ్రీ సంవత్సరమును రెండవ ప్రక్కనున్న పాలనా సంవత్సరముతో సరిచూచుకొనవలెను.

ఈ విద్యకు మూలమైన వివేకము మూడింటిని వేరుపరచుటలో నున్నది. అచ్చులోనే మార్పు ఉండి, ఆ అచ్చున పడిన నాణెములన్నిటను కనబడునది భేదము. అచ్చు సరిగానున్నను, ముద్ర పడు క్షణమున జరిగిన పొరపాటు లోపము. టంకశాల దాటిన తరువాత సుత్తిచేతనో, ఆకురాయిచేతనో కలిగినది గాయము. మొదటి రెండింటికిని విలువ కలదు. మూడవది విలువను హరించును. వీనిని గుర్తించుటకు అనుభవజ్ఞులు నమ్ము సూత్రము లున్నవి. నాణెముపై గీత ఉబ్బెత్తుగా నున్నచో అది పగిలిన అచ్చునుండి వచ్చినది. లోతుగా నున్నచో తరువాత గీరుకొన్నది. అంచు వంపుగా తెగియున్న బిళ్ళ నిజముగ టంకశాలలోనే తప్పుగా కత్తిరింపబడినదైనచో, ఆ కోతకు సరిగా ఎదుటి వైపున గట్టు బలహీనముగ నుండుట కద్దు. కత్తెరతో కోసిన మోసమున ఆ గుర్తు కానరాదు. ముందు ముద్రింపబడిన నాణెము అచ్చునకే అంటుకొని యుండగా మరియొక బిళ్ళ వచ్చి పడినచో, దాని ఒక ప్రక్క బొమ్మ తలక్రిందుగ గాక కుడియెడమలు తారుమారై లోతుగా దిగును. ఇట్టిది అరుదైన లోపము. హిజ్రీ 1360ల నాటి కంచు రెండు పైల నాణెమునకు నడుమ రంధ్రము సహజముగనే యుండును. అది కేంద్రమునుండి తొలగియుండుట లోపము, కాని రూపాయికి దండ కొరకు వేసిన రంధ్రము గాయమే.

అయితే యంత్రయుగపు కొలబద్దతో పాత చేతి నాణెములను కొలువరాదు. గద్వాల, వనపర్తి, నారాయణపేట సంస్థానములందును, సైఫాబాదు యంత్రములకు పూర్వము రాజధానియందును సుత్తి దెబ్బతో ముద్రించిన రూపాయలలో, అచ్చు వెడల్పు బిళ్ళకంటె అధికము. అందుచేత లిపి సగము బయటికి పోవుట అక్కడ సామాన్యధర్మము, లోపము కాదు. ఆ నాణెములలో కోరదగిన దేమనగా, టంకశాల పేరును, సంవత్సరమును తెగకుండ నిలిచియున్న బిళ్ళ.

స్వతంత్ర భారతపు నాణెములపై సంవత్సరము క్రింది గుర్తు ఈ చదువునకు తొలిపాఠము కాగలదు. నక్షత్రము హైదరాబాదుది, వజ్రాకృతి ముంబయిది, చుక్క నోయిడాది; కోల్‌కతా నాణెములకు గుర్తుండదు. హైదరాబాదు టంకశాల 1950లో భారత ప్రభుత్వమున కలసి, 1997లో చర్లపల్లికి తరలినది. మన జేబులోని చిల్లరలోనే ఆ నక్షత్రమును పిల్లలకు చూపవచ్చును. సామాన్యమైన ఐదు రూపాయల బిళ్ళకు లక్షలిత్తుమను ప్రకటనలను మాత్రము నమ్మరాదు. అట్టి మోసములను గూర్చి రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరించినది. అరుదుతనము అచ్చును, సంఖ్యను, స్థితిని బట్టి నిర్ణయమగునే కాని, ప్రచారమును బట్టి కాదు.

పాత నాణెమును చింతపండుతో తోమి తళతళలాడించుట మన ఇండ్లలో సదుద్దేశముతో జరుగు అపకారము. వందేండ్లలో వెండిపై పరచుకొన్న నల్లని పొర అక్షరములను కాపాడుటయే గాక, నాణెము ప్రాచీనతకు సాక్ష్యము కూడ. పోతపోసిన నకిలీలపై సన్నని రంధ్రములును, అంచున అతుకు గీతయు కనబడుచుండగా, తోమిన అసలు నాణెము వానికంటె నమ్మదగినదని కొనువారు తలపరు.

దొరకిన చోటు నాణెమునకు రెండవ శాసనము వంటిది. పూర్వపు మెదకు జిల్లాకు చెందిన కొండాపురమున 1940ల ఆరంభమున పురాతత్త్వవేత్త గులాం యజ్దానీ పర్యవేక్షణమున జరిగిన త్రవ్వకములలో శాతవాహనుల నాణెములు దొరకిన చోటుతో సహా నమోదగుటచే ఆ పట్టణ వైభవము లోకమునకు తెలిసినది. కోటిలింగాలలో లభించిన సిముకుని నాణెములు శాతవాహనుల ఆరంభమును గూర్చిన చర్చలో తెలంగాణమునకు స్థానము కల్పించినవి. అవే బిళ్ళలు మూటగా కరిగిపోయినచో మిగులునది కొన్ని తులముల సీసమో, రాగియో. కావుననే పొలము దున్నునప్పుడు దొరకిన నాణెముల బిందెను అధికారులకు తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టము విధించుచున్నది.

సందుగులోని రూపాయికి కూడ ఈ న్యాయమే వర్తించును. అవుసలి యొద్దకు పోవుటకు ముందు దాని తూకమును, ద్వారములోని అక్షరమును, రెండు సంవత్సరములను ఒక కాగితముపై వ్రాసి, అది ఏ ఊరినుండి, ఎవరి మెడనుండి ఇంటికి వచ్చినదో పెద్దలనడిగి జతచేయవలెను. వెండి ధర రేపు మరల పెరుగవచ్చును, తగ్గవచ్చును. కరిగిన అక్షరమును మాత్రము ఏ ధరకును తిరిగి కొనజాలము.