పేరు లేని పాట, చిరునామా ఉన్న డిస్కు

ఈమధ్య పీలేరు పక్క ఒక తండాలో పెళ్లికి పోయాం. ఊరేగింపు ముందర డీజే బండి. బాక్సుల దెబ్బకు గుండె అదురుతోంది. ఆ మోత కింద నుంచి సన్నగా ఒక ఆడమనిషి గొంతు వినిపించింది, మన గోర్ బోలీలో. చెవి పెట్టి వింటే అది ఢావ్లో. అత్తారింటికి పోయే పిల్ల పుట్టింటివాళ్లను పట్టుకొని ఏడుస్తూ పాడేది. దానికి చిందులేసే దరువు కట్టారు. మధ్య మధ్యలో డీజే పేరును యంత్రం అరుస్తోంది. పాడిన యాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఆ రాత్రి పెద్దవాళ్లకూ పిల్లలకూ వాదన జరిగింది. ఇది పాట కాదు, రోకటి పోటు అన్నారు పెద్దలు. ఇదన్నా లేకపోతే మన పాట ఎవరు వింటారు అన్నారు పిల్లలు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే మోత కరుకుగా ఉండడమే తప్పా? దీన్ని తేల్చుకోవడానికి, కరుకుదనానికే పేరుపడ్డ ఒక పాత డిస్కును తిరుపతికి తిరిగొచ్చాక ఫోన్లో పెట్టుకొని విన్నాం.

1978లో లండన్‌లో డేనియల్ మిల్లర్ అనే యువకుడు 'ద నార్మల్' అనే పేరుతో ఆ చిన్న వినైల్ డిస్కు తెచ్చాడు. ఒక పక్క 'టీ.వీ.ఓ.డీ.', రెండో పక్క 'వార్మ్ లెదరెట్'. పెద్ద స్టూడియో లేదు. కోర్గ్ కంపెనీ సింథసైజర్ ఒకటి, నాలుగు ట్రాకుల టేపు యంత్రం ఒకటి పెట్టుకొని ఇంట్లోనే రికార్డు చేశాడు. 500 కాపీలు చాలనుకున్నాడు. రఫ్ ట్రేడ్ అనే రికార్డుల అంగడివాళ్లు విని 2,000 వేద్దామన్నారు.

'వార్మ్ లెదరెట్' వినడం సులువు కాదు. రాగం లేదు. ఒకే స్వరం రంపం కోసినట్టు కోస్తూ ఉంటుంది. తాళానికి బదులు ఆవిరి చిమ్మినట్టు చప్పుడు. గొంతు హాజరు పట్టీ చదివినట్టు పలుకుతుంది. విషయం కారు ప్రమాదం. జె.జి. బల్లార్డ్ 1973లో రాసిన 'క్రాష్' నవల నుంచి పుట్టిన పాట ఇది. చావునూ కోరికనూ ఒకే చోట కలిపి, కన్నీటి చుక్క లేకుండా చెబుతుంది.

మాకు నచ్చిందా? సగం నచ్చింది. రోడ్డు మీద పోయిన మనవాళ్లను మోసుకొచ్చిన చేతులు మావి. ప్రమాదాన్ని ముచ్చటగా చూసే ఆ చల్లదనం మాకు ఎక్కదు. పనితనాన్ని మాత్రం ఒప్పుకోవాలి. ఉన్నవి నాలుగైదు చప్పుళ్లే. ఒకదాన్ని ఒకటి మింగవు. అంత కరుకులోనూ ప్రతి మాటా తెలుస్తుంది. తండాలో విన్న పాటలో అదే లేదు. అక్కడ మాట మునిగిపోయింది. ఏడుపు ఏడుపుగా మిగల్లేదు. మన నగారా, మన కంచు తాళి కూడా కరుకు చప్పుళ్లే. కానీ పాడేవాళ్ల గొంతు లేచినప్పుడు అవి తగ్గుతాయి. డీజే బాక్సుకు ఆ మర్యాద మనమే నేర్పాలి.

రెండో సంగతి ఇంకా పెద్దది. మిల్లర్ ఆ డిస్కు అట్ట మీద ఇంటి చిరునామా అచ్చు వేశాడు. అది చూసి ఎవరెవరో తమ పాటల టేపులు పంపారు. మ్యూట్ అనే అతని కంపెనీ అట్లా పెరిగింది. 1980లో జమైకాలో పుట్టిన గాయని గ్రేస్ జోన్స్ అదే పాటను తన తీరుకు మార్చుకొని పాడి, తన ఆల్బమ్‌కు ఆ పేరే పెట్టింది. పాట చేతులు మారింది, కట్టినవాడి పేరు పోలేదు.

మన దేశంలో ఇంకా పాత ఉదాహరణ ఉంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడినప్పుడు, పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పింది. డిస్కులు జర్మనీలో తయారయ్యేవి. అక్కడి పనివాళ్లు ఎవరి పాటో గుర్తుపట్టడానికి అట్లా చెప్పించారు. ఆ పేరు ఇప్పటికీ వినబడుతోంది.

యంత్రం మనకు శత్రువు కాదు. కెనడాలో ఆదివాసీ యువకులు 'ఎ ట్రైబ్ కాల్డ్ రెడ్' పేరుతో తమ పౌవౌ డోలు పాటలను డీజే మోతతో కలిపారు. 2014లో ఆ దేశపు జూనో అవార్డు అందుకున్నారు. 2013లో తెచ్చిన ఆల్బమ్‌లో నార్తర్న్ వాయిస్, బ్లాక్ బేర్ వంటి డోలు బృందాల పేర్లు పాటల పక్కనే వేశారు. మోత వాళ్లదే, డోలూ వాళ్లదే, పేరూ వాళ్లదే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డీజే మానమని మేము చెప్పం. పాట తీసుకునేముందు పాడే అవ్వను అడగండి. సుగాలి యాడి అయినా, యానాది అవ్వ అయినా, ఎరుకల అవ్వ అయినా, రికార్డు మొదట్లోనే ఆమె పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె నోటితోనే చెప్పించండి. ఏడుపు పాటకు చిందు దరువు కట్టవచ్చా అని కూడా ఆమెనే అడగండి. వద్దంటే మానుకోండి.

సార్లూ, టీచరమ్మలూ, మీకు ఒక మనవి. మన బాసకు సొంత లిపి లేదని ఊరుకోవద్దు. ఆ పాటను తెలుగు అక్షరాల్లో పిల్లల చేత రాయించండి. పైన పాడినామె పేరు, కింద రాసిన పిల్ల పేరు పెట్టించండి.

ఆ పెళ్లిలో విన్న గొంతు ఎవరిదో మాకు ఇంకా తెలియలేదు. తండా తండాకూ అడుగుతున్నాం. తెలిసిన రోజు, ఇట్లాంటి పుస్తకంలోనే ఆమె పేరు పెద్ద అక్షరాలతో వేస్తాం.