ధాతువు: ఒక మాట, పలు శాస్త్రాలు

శాస్త్ర పరిభాషలో ఒక మాటకు ఒకే అర్థం ఉండవలెనని మనం కోరుకుంటాము. కోరిక న్యాయమైనదే. కాని కొన్ని మాటలు ఒక శాస్త్రంలో పుట్టి, వేరొక శాస్త్రంలో పెరిగి, మూడవదానిలో కొత్త పనికి కుదురుకుంటాయి. "ధాతువు" అటువంటి మాట. ఏ ఖనిజం నుండి లోహాన్ని లాభసాటిగా తీయగలమో దానిని మన రసాయనశాస్త్ర పాఠాలలో ధాతువు అంటున్నారు. ఈ వాడుక ఎంతవరకు సమంజసమో పరిశీలింతము.

సంస్కృతంలో "ధా" అంటే ఉంచు, ధరించు అని అర్థం. దేనిని ఆధారం చేసుకొని మరొకటి నిలుస్తుందో అది ధాతువు. వ్యాకరణంలో "చేసెను, చేయుచున్నాడు, చేయడు" అనే రూపాలకు "చేయు" ధాతువు. ఆయుర్వేదంలో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనేవి దేహాన్ని నిలిపే సప్తధాతువులు. బౌద్ధులకు ధాతువు అంటే బుద్ధుని శరీరావశేషం. 1892లో భట్టిప్రోలు స్తూపంలో బయటపడిన భరిణెలు అట్టి ధాతువులను భద్రపరచడానికి చేసినవే. పశుపోషణలో "ధాతులవణాలు" అంటే ఖనిజ లవణాలు. హిందీలోనైతే ధాతువు అంటే ఏకంగా లోహమే!

ఈ చివరి అర్థమే మా గుంతకల్లు వంటి ఊళ్లలో చిక్కు తెస్తున్నది. ఇది రైల్వే జంక్షన్. తెలుగు, కన్నడం, ఉర్దూ, హిందీ మాట్లాడే ఇండ్ల పిల్లలు ఒకే బల్లమీద కూర్చుంటారు. బళ్లారి, హోసపేట ప్రాంతాల నుండి వచ్చే ఇనుప రాతి వ్యాగన్లు వారికి కొత్త కాదు. ఆ రాతిని కన్నడంలో "అదిరు" అంటారు. హిందీ పుస్తకాలలో "అయస్క్" అంటారు. మనం ధాతువు అంటాము. "లోహాలు ధాతువుల నుండి లభిస్తాయి" అని ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు, హిందీ తెలిసిన పిల్లవానికి "లోహాలు లోహాల నుండి లభిస్తాయి" అని వినిపిస్తుంది. మరికొందరు పిల్లలు గోడలమీది "ధాతుపుష్టి" ప్రకటనలు తలచుకొని నవ్వుకుంటారు. ఆ ప్రకటనలు ఏడు ధాతువులలో ఒక్కదానినే పట్టుకొని యువకులను భయపెట్టేవి. ఆ నవ్వును గద్దించి దాటవేయక, రెండు అర్థాలకు సంబంధం లేదని విడమరచి చెప్పడం మేలు.

అయితే ధాతువును తొలగించి "ముడి ఖనిజం" అందామా? ఈ మాట తేలికగా బోధపడుతుంది. కాని దీనిలోను లోపమున్నది. భూమిలో ఉన్న ప్రతి ఖనిజమూ ముడిదే కదా! పత్రికలలో కనిపించే "ఇనుప ఖనిజం" అనే మాట కూడ ఖనిజానికి, ధాతువుకు గల భేదాన్ని చెరిపివేస్తుంది.

ఆ భేదం ముఖ్యమైనది. మామూలు బంకమట్టిలోను అల్యూమినియం ఉన్నది. అయినా బంకమట్టిని అల్యూమినియం ధాతువు అనము, బాక్సైటును అంటాము. బంకమట్టి నుండి తీయడానికి ఖర్చు ఎక్కువ. ఇంకొక ఉదాహరణ కోలారు బంగారు గనులు. ఇవి 2001లో మూతపడినవి. రాతిలో బంగారం బొత్తిగా లేకపోయినందువల్ల కాదు, దానిని తీయడానికయ్యే ఖర్చు వచ్చే విలువను మించినందువల్ల. రాయి మారలేదు, లెక్క మారినది. కనుక ధాతువు అనేది రాతి గుణాన్ని మాత్రమే తెలిపే పేరు కాదు. కాలానికి, ధరకు, తీసే పద్ధతికి లోబడిన పేరు. పాఠాలలో "లాభసాటిగా" అనే మాటను విద్యార్థి కంఠస్థం చేస్తాడు గాని, దాని బరువు గుర్తించడు. అసలు లోపం ఇక్కడ ఉన్నది, మాటలో లేదు.

నా అభిప్రాయంలో ధాతువును ఉంచుకొనవచ్చును. కాని దానిని ఒంటరిగా వాడరాదు. "ఇనుప ధాతువు", "అల్యూమినియం ధాతువు" అని లోహం పేరుతో జతచేసి వాడితే వ్యాకరణంతో గాని, వైద్యంతో గాని, హిందీతో గాని తగవు ఉండదు. మొదటిసారి వాడినప్పుడు ఇతర శాస్త్రాలలోని అర్థాలను కూడ ఒక్క నిమిషం చెప్పవలెను. పరీక్షలో "ధాతువు అనగానేమి?" అని అడుగుటకు బదులు "బంకమట్టి అల్యూమినియం ధాతువు ఎందుకు కాదు?" అని అడిగితే, విద్యార్థికి మాట వచ్చినదో, విషయం వచ్చినదో తేలిపోతుంది.